డేగకు వడ్డించిన ఎండు నెత్తళ్ళు

మొన్న శనివారం ఒక తల్లి ఆకలి తీర్చబోయి, కింది వాటాలో ఉండే మేరీ ఆంటీ తెల్లచీరను నేను ఏ గతి పట్టించానో వినండి. మీరు నవ్వుతారని తెలిసే చెబుతున్నాను.

గోపాలపట్నంలో మా మేడ పక్కనే ఎత్తైన అపార్ట్‌మెంట్ ఉంది కదా! దాని పై అంతస్తు సన్‌షేడ్ మీద ఒక బైరి డేగ గుడ్లు పెట్టింది. ఆఫీసుకు వెళ్ళేముందు బైనాక్యులర్స్‌తో చూస్తే పొదుగుతూ ఉంటుంది. సాయంత్రం వచ్చి చూసినా అదే చోట, అదే భంగిమ! తిండి లేదు, నీళ్ళు లేవు. గుడ్ల మీదే పస్తుండి ప్రాణం విడిచిన పిట్ట కథను చిన్నప్పుడు అమ్మమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! ఈ తల్లి కూడా పోతే ఆ గుడ్ల గతి ఏమిటి?

శనివారం సెలవు. పళ్ళెం నిండా ఎండు నెత్తళ్ళ చేపలు తెచ్చి మా డాబా పిట్టగోడ మీద భక్తిగా ఉంచాను.

డేగ మెడ కూడా తిప్పలేదు. ఒక కాకి మాత్రం వచ్చి, ఊరందరినీ పిలిచింది. నెత్తళ్ళు అయిపోయాక కాకుల చూపు గుడ్ల మీద పడింది! డేగ రెక్కలు విప్పి గుడ్లను కప్పుకొని అరుస్తోంది. నేను గొడుగు తిప్పుతూ "హుష్! హుష్!" అని డాబా అంతా పరుగెత్తాను.

అంతలో కాళ్ళలో పావురంతో ఇంకొక డేగ వచ్చింది. కాకులను చూడగానే పావురాన్ని వదిలేసి వాటి మీదికి దూకింది. ఒక్క కాకి మిగలలేదు. గుడ్లు దక్కాయి. పావురం మాత్రం నెత్తురోడుతూ తిన్నగా మా దండెం మీద ఆరేసిన ఆంటీ తెల్లచీరపై పడింది.

మేరీ ఆంటీ పరుగున మెట్లెక్కి వచ్చారు. "ఏటమ్మా ఇది? రేపు చర్చిలో క్వయర్ పాటలకి నాను ఏటి కట్టుకోవాలి?"

అమ్మమ్మకు ఫోన్ చేసి మొరపెట్టుకున్నాను. "నాను సెప్పిన కథలో పిట్టకి మొగుడు సచ్చిపోనాడే! దీనికి ఉన్నాడో లేడో సూసుకోవద్దా?" అంది.

డాబా మీదే బకెట్ పెట్టుకొని చీర ఉతకడానికి కూర్చున్నాను. ఆంటీ కుర్చీ వేసుకొని కాపలా కూర్చున్నారు. కాసేపటికి పైకి చూపించి, "అదిగో, మీ అంకుల్ ఫ్యాక్టరీలో షిఫ్టు మారినట్టే మారతన్నాయి సూడు!" అన్నారు. నిజమే. గుడ్ల మీది డేగ లేచి ఎగిరిపోయింది. పావురాన్ని తెచ్చినది ఆ చోటనే ఒదిగి కూర్చుంది. నేను ఆఫీసులో ఉండగా రోజూ జరిగేది ఇదేనన్నమాట!

వాళ్ళ డ్యూటీ చీకటి పడేలోగా మరొకసారి మారింది. నా బకెట్ దగ్గరికి మాత్రం రిలీవర్ ఎవరూ రాలేదు.