కుంకుమపువ్వు డబ్బీ

అమెరికాలోని ఇర్వింగ్ తెలుగు చర్చిలో ఆరాధన అయ్యాక దీనమ్మ ఆంటీ, నిండు కడుపుతో ఉన్న పర్సిస్ చేతిలో కుంకుమపువ్వు డబ్బీ పెట్టింది. "రోజూ పాలల్లో వేసుకుని తాగమ్మా. ఆడపిల్లంటున్నారు కదా, కాస్త రంగు తేలుతుంది."

పర్సిస్‌కి ఒళ్ళు మండింది. భర్త క్వేసిది ఘనా దేశం. అసలు తనని మోసినప్పుడు అమ్మ కూడా ఈ పాలే తాగింది. అయినా తను నల్లగానే పుట్టింది, సండే స్కూల్లో 'కర్రి పిల్ల' అనిపించుకుంది.

రేపు తన కూతుర్ని షాపుల్లో అనుమానంగా చూస్తారని, పోలీసులు కారు ఆపుతారని భయం ఎలాగూ ఉంది. అంతకన్నా పెద్ద భయం, మొదటి దెబ్బ ఇక్కడే, ముద్దు చేసేవాళ్ళ నోటి నుంచే తగులుతుందేమోనని. చర్చి మానేద్దామనుకుంది. కానీ పిల్ల తెలుగులో పాటలు పాడాలని, ఈ కుర్చీల మధ్య పరుగులు తీయాలని ఆశ.

మరుసటి ఆదివారం, చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందుకి బిర్యానీ వండి తెచ్చింది. డబ్బీ మొత్తం అందులోనే వేసేసింది.

"ఎంత బాగా రంగొచ్చిందమ్మా!" అంది దీనమ్మ, లొట్టలేస్తూ.

"మీరిచ్చిన కుంకుమపువ్వే ఆంటీ. నా కూతురికి వాళ్ళ నాన్న రంగు చాలు."

ఆంటీ చేతిలో ముద్ద ఆగిపోయింది. పర్సిస్ చూపు దించలేదు. అవతల ప్లేట్లు సర్దుతున్న క్వేసి వైపు, అతని ఒత్తయిన ఉంగరాల జుట్టు వైపు ఆంటీ చాలాసేపు చూసింది.

"జుట్టు కూడా నాన్నదే వస్తే మన దువ్వెన దిగదు కదమ్మా," అంది చివరికి. "ఆ జడలెలా వెయ్యాలో మీ అత్తగారిని అడిగి నాకూ నేర్పించు. ఆదివారాలు పిల్లని నేను రెడీ చేస్తా."