పోర్టోలో తీరిగ్గా ఒక రోజు

మా పెళ్లయి ఇరవై ఏళ్లు దాటింది. మా ఆయన నలుగురిలో నా చెయ్యి పట్టుకుని నడిచింది ఒకే ఒక్క రోజు, పోర్చుగల్‌లోని పోర్టో అనే ఊళ్లో. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయాను.

ఆ పొద్దున నేను స్నానం చేస్తుండగా అమెరికాలోని రెడ్‌మండ్ నుంచి మా అక్క కూతురు ఆయనకి ఫోన్ చేసింది. అక్కకి ఏడాదిగా క్యాన్సర్ వైద్యం జరుగుతోంది. బావగారు పోయి చాలా కాలమైంది, ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. కాస్త కుదుటపడిందని డాక్టర్లు చెప్పాక, "ఎన్నాళ్లని నా గురించి ఆగిపోతారు, వెళ్లిరండి" అని అక్క తిడితేనే మేం ప్లెయిన్స్‌బరోలో మా ఇల్లు కదిలాం. తీరా వచ్చాక ఉన్నట్టుండి ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్, ఆస్పత్రి. మా అక్క కూతురు అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల. తనకొచ్చిన తెలుగులో చెప్పింది. "బాబాయ్, అమ్మకి సీరియస్‌గా ఉంది. మీరు తొందరగా వచ్చేయండి."

మా ఇళ్లల్లో చావు కబురు ఎప్పుడూ ఇలాగే వస్తుంది. దూరాన ఉన్నవాళ్లకి ఫోన్‌లో మనిషి పోయారని చెప్పరు. సీరియస్‌గా ఉంది, బయల్దేరండి అంటారు. విన్నవాళ్లకి విషయం అర్థమైపోతుంది, ఎదురు ప్రశ్నలు వేయరు. మా మేనమామ పోయినప్పుడూ ఇంతే, మా అత్తగారు పోయినప్పుడూ ఇంతే. తల్లిని పోగొట్టుకున్న పిల్ల చేత ఆ మాట పలికించడం ఎందుకని మా ఆయన కూడా ఏమీ అడగలేదు. "ధైర్యంగా ఉండు తల్లీ, పిన్నికి నేను చెప్తాను, నువ్వు చెయ్యకు" అని ఫోన్ పెట్టేశాడు.

కానీ అక్క బతికే ఉంది. మాట్లాడే స్థితిలోనే ఉంది. చెల్లెలు ఎప్పుడొస్తుందని అడుగుతోంది.

ఆ మధ్యాహ్నం పోర్టో నుంచి మా ఊరి దగ్గరి నెవార్క్‌కి విమానం ఉంది, అందులో సీట్లు కూడా ఉన్నాయి. ఆయన చూశాడు. చూసి, దాన్ని వదిలేసి మర్నాటి విమానానికి టికెట్లు మార్చాడు. పోయిన మనిషి కోసం పరుగెత్తి చేసేదేముంది, అమెరికాలో అంత్యక్రియలకి ఎలాగూ కొన్ని రోజులు పడుతుంది, ఈ ఒక్క రోజు దీన్ని తిననిద్దాం, తిరగనిద్దాం, రాత్రి అన్నం తిన్నాక చెబుదాం అనుకున్నాడట. నా మీద ప్రేమతోనే అనుకున్నాడు. నాకు ఒళ్లు మండేది కూడా అందుకే. కోపంతో చేసుంటే ఈపాటికి ఏదో ఒకటి తేల్చుకుని ఉండేదాన్ని.

మామూలుగా మా ఆయనతో టూరంటే పరుగు పందెమే. పొద్దున్నే లేపి, ఇక్కడ ఫోటో, అక్కడ ఫోటో, ఎక్కు బస్సు, దిగు బస్సు. అలాంటి మనిషి ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి, "ఇవాళ ప్లానేం లేదు. నీకు ఎటు నడవాలనిపిస్తే అటు నడుద్దాం" అన్నాడు. ఒంట్లో బావుందా అని నుదురు పట్టుకుని చూశాను. నా ఫోన్ తీసి తన జేబులో వేసుకున్నాడు. ఫోటోలన్నీ నేనే తీస్తానులే, నువ్వు హాయిగా చూడు అన్నాడు.

చూశాను. హాయిగానే చూశాను. ఊరంతా కొండవాలు. ఏ సందు పట్టుకున్నా చివరికి నది దగ్గరికే దింపుతుంది. ఇళ్ల గోడలకి నీలం రంగు పింగాణీ పలకలు, కిటికీ కిటికీకీ ఆరేసిన బట్టలు. పై అంతస్తులోంచి ఒక ముసలావిడ దండెం మీద దుప్పటి లాక్కుంటూ నన్ను చూసి ఏదో అంది. ఏమందో తెలియదు గానీ నేనూ చెయ్యి ఊపాను. మెట్లు నిటారుగా ఉన్నచోట ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. మెట్లు అయిపోయాక కూడా వదల్లేదు. "ఏంటండీ, కొత్తగా పెళ్లైనట్టు" అంటే నవ్వడానికి ప్రయత్నించి తల తిప్పుకున్నాడు.

నది మీద పెద్ద ఇనప వంతెన. దాని పైనుంచి ట్రామ్ పోతుంటే పక్కన మనుషులు నడుస్తారు. మధ్యలో ఆగి కిందికి చూశాం. పడవలు, పక్షులు, ఒడ్డున ఎండలో కూర్చుని తాగుతున్న జనం. ఇవన్నీ అక్కకి చూపించాలని నా ఆరాటం. ఫోటోలు పంపండి అంటే, అక్కడ అర్ధరాత్రి, పడుకోనీ అన్నాడు. మధ్యాహ్నం దాటాక మళ్లీ అడిగాను. రాత్రికి అన్నీ కలిపి పంపిద్దాంలే అన్నాడు. ఆయన మాటలో ఏదో తేడా ఉందని తెలుస్తూనే ఉంది. అయినా కదిలించలేదు. ఆ రోజు అలా జరిగిపోతుంటే నాకు బావుంది.

అవతలి ఒడ్డున చిన్న దుకాణంలో తలకి కట్టుకునే స్కార్ఫులు కనబడ్డాయి. మందులతో అక్క జుట్టంతా రాలిపోయింది. మెత్తటివి రెండు తీసి, "నీలమా, పసుపా? అక్కకి ఏది బావుంటుంది?" అని అడిగాను. ఆయన చాలాసేపు ఆ రెండింటినీ చూస్తూ నిలబడ్డాడు. తర్వాత రెండూ తీసుకో అని బయటికి వెళ్లిపోయాడు. నేను వచ్చేసరికి నది వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. గాలి దుమ్ము అన్నాడు. నమ్మాను.

ఆ రోజు నేను చాలా సంతోషంగా ఉన్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఏ తప్పూ చెయ్యకపోయినా వేస్తుంది, ఏం చెయ్యను?

సాయంత్రం గదికి వచ్చి, మాతో తెచ్చుకున్న చిన్న కుక్కర్‌లో అన్నం పడేశాను. కందిపొడి, నెయ్యి, ఆవకాయ. ఆయన సరిగ్గా తినలేదు. నాకు మాత్రం రెండోసారి కూడా వడ్డించి తినిపించాడు. కంచాలు కూడా తనే కడిగాడు. అప్పుడు వచ్చి నా పక్కన కూర్చుని, "అక్క లేదు. పొద్దున్నే ఫోన్ వచ్చింది" అన్నాడు.

నేను ఎలా ఏడ్చానో నాకు గుర్తులేదు. కాసేపటికి ఆ పిల్ల ఒక్కతే ఉంటుందన్న సంగతి గుర్తొచ్చింది. ఆయన జేబులోంచి ఫోన్ లాక్కుని చేశాను. వెంటనే ఎత్తింది.

"పిన్నీ, ఫ్లైట్ దిగారా? అమ్మ పొద్దుట్నుంచి నిన్నే అడుగుతోంది."

ఏ అమ్మ అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. మా అమ్మ, ఇక్కడే ఉంది, మాట్లాడు అని ఫోన్ అక్క దగ్గర పెట్టింది. మాస్కులోంచి ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. వస్తున్నానక్కా, బయల్దేరుతున్నానక్కా అన్నాను. అక్క బతికుందన్న ఆనందం ఒక నిమిషం ఉందేమో. తర్వాత ఆయన మొహం చూశాను. ఆ మధ్యాహ్నం విమానం ఈపాటికి నెవార్క్‌లో దిగడానికి సిద్ధంగా ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

లిస్బన్ మీదుగా, మాడ్రిడ్ మీదుగా, లండన్ మీదుగా అన్నీ వెతికాడు. మర్నాటి మా విమానం కంటే ముందు చేర్చేది ఒక్కటీ దొరకలేదు. నేను ఆయన్ని తిట్టలేదు. ఇరవై ఏళ్లుగా గయ్యాళి అని పేరు తెచ్చుకున్నదాన్ని, ఆ ఎనిమిది గంటల విమానంలో మంచినీళ్లు కావాలని కూడా అడగలేదు.

నెవార్క్‌లో దిగి ఫోన్ ఆన్ చేసేసరికి అయిపోయింది. మేం సముద్రం మీద ఉండగానే పోయింది.

అంత్యక్రియలైన మర్నాడు రెడ్‌మండ్‌లో అక్క వంటింట్లో ముగ్గురమే ఉన్నాం. వచ్చినవాళ్లు తెచ్చిపెట్టిన గిన్నెలు కడుగుతూ నేను సింక్ దగ్గర. బల్ల దగ్గర వాళ్లిద్దరూ. అమ్మాయి కప్పు అటూ ఇటూ తిప్పుతూ అడిగింది.

"బాబాయ్, నేను తప్పు చెప్పానా ఆ రోజు?"

లేదమ్మా, లేదు అన్నాడు. అంతకంటే ఆయన వల్ల కాలేదు. మరి ఎందుకు రాలేదని అడిగింది. కుళాయి కట్టేసి నేనే చెప్పాను. మనవాళ్లు చావు కబురు ఎలా చెప్తారో, విన్నవాళ్లు ఎందుకు ఏమీ అడగరో, అంతా చెప్పాను. ఆ పిల్ల కళ్లార్పకుండా విన్నది.

"మీతో ఎప్పుడూ తెలుగులోనే మాట్లాడాలని అమ్మ రూల్ కదా, అందుకని తెలుగులో చెప్పా" అంది. "ఇంగ్లీష్‌లో చెప్పుంటే వచ్చేసేవాళ్లా పిన్నీ?"

ఇంగ్లీష్‌లో అయితే ఆయన ఏ ఆస్పత్రి, డాక్టర్ ఏమన్నాడు, ఆక్సిజన్ ఎంత అని అన్నీ అడిగి ఉండేవాడు. మధ్యాహ్నం విమానమే ఎక్కి ఉండేవాళ్లం. ఆయన నా వైపు చూశాడు, ఏదో ఒకటి సర్ది చెప్పమన్నట్టు. సర్ది చెప్పే ఓపిక ఇక నాకు లేదు. తడి చేతులతోనే ఆ పిల్లని దగ్గరికి లాక్కున్నాను.

"వచ్చేవాళ్లం తల్లీ" అన్నాను.