పది అంకెల చీకటి

నాటకాల మీద లైబ్రరీలో దొరికిన పుస్తకాలన్నీ చదివాను. రాజు నెత్తిన ఎంత వెలుగు పడాలో, దుర్మార్గుడి ముఖాన ఏ నీడ ఉండాలో పెద్ద చదువులవాళ్లు పేజీలకు పేజీలు రాశారు. మూడేళ్ల పిల్ల ఎంత చీకటిని తట్టుకుంటుందో ఒక్కడూ రాయలేదు. అది మా మామయ్యకు తెలుసు. ఆయన్నెవరూ అడగలేదు, అంతే.

మామయ్య మిల్లులో వైరింగ్ పని చేసేవాడు. మిల్లు మూతపడ్డాక, బట్టల గోడౌన్‌ను హాలుగా మార్చుకున్న ఓ పిల్లల నాటక బృందంలో చేరాడు. అక్కడ ఒక్కో పాత్రది ఒక్కో భాష. చూడొచ్చే కుటుంబాలూ అంతే. తల్లిదో భాష, తండ్రిదో భాష, పిల్లది రెండూ కలిపి కొట్టిన మూడోది. మామయ్యకు వచ్చింది ఒక్కటే. పందొమ్మిదేళ్లుగా హాలు వెనక చెక్క అరుగు మీద కూర్చుని, దీపాలు తగ్గించే మీటల మీద వేళ్లు పెట్టి, వేదిక వంక కాక పిల్లల చేతుల వంక చూసేవాడు. ఏ చెయ్యయినా పక్కనున్న అమ్మ కోసం తడుముకుందా, మీట అక్కడితో ఆగేది.

ఈమధ్య కొత్త దర్శకురాలు వచ్చింది. ఆవిడ నాటకంలో ఎలుగుబంటి పిల్ల గుహలో తప్పిపోతుంది.

"అక్కడ కటిక చీకటి కావాలి అన్నయ్యా. దీపాలు నడిపే కొత్త మెషీన్‌లో పెట్టేశాను. పది అంకెలు లెక్కపెట్టేసరికి దానంతటదే వెలుగొస్తుంది."

"పిల్లలు జడుసుకుంటారమ్మా."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఒక్కరు ఏడ్చినా మెషీన్ పీకేస్తాను. ఏడవకపోతే మాత్రం మీటలన్నీ దానివే. మీరు గేటు దగ్గర టికెట్లు చూసుకోండి. సరేనా?"

మామయ్య పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "సరే" అన్నాడు.

మొదటి ఆటకు ఆయన పక్కనే కూర్చున్నాను. చీకటి పడింది. "ఎవరైనా ఉన్నారా?" అని ఎలుగుబంటి పిల్ల బేలగా పిలిచింది. ఎవరూ ఏడవలేదు. ముందు వరసలోంచి ఓ సన్నటి గొంతు ఏదో భాషలో బదులిచ్చింది. ఇంకో మూల నుంచి ఇంకో భాషలో మరొకటి. తర్వాత మా భాషలో: "నేనున్నా! మా నాన్న కూడా ఉన్నాడు, కానీ నిద్రపోతున్నాడు!" హాలంతా నవ్వులు. ఆ నవ్వులు ఆగాక చివరి వరసలో ఎవరో చిన్నగా నోరు విప్పారు.

పది అయిపోయింది. భళ్లున వెలుగు. చివరి వరసలో ఓ పిల్ల తెరిచిన నోరు మూసుకుని తల దించుకుంది.

ఆట కాగానే దర్శకురాలు పరుగున వచ్చింది. "చూశారా అన్నయ్యా, ఒక్కరూ ఏడవలేదు!"

"ఓడిపోయానమ్మా. పందొమ్మిదేళ్లుగా అనవసరంగా భయపడ్డాను. చీకటి ఉండాల్సిందే." మామయ్య టికెట్ల డబ్బా అందుకుంటూ ఆగాడు. "కానీ వెనక ఒక పిల్ల ఏదో చెప్పబోయింది. నీ మెషీన్ నోరు మూయించింది."

ఆవిడ చివరి వరస వంక తిరిగి చూసింది. "పోనీ, పదిహేను పెడదామా?"

"నాకేం తెలుసు? రేపు వాళ్లే చెప్తారు."

ఆవిడ ఆయన చేతిలోని డబ్బా తీసుకుంది. "అయితే ఆ మీట మీరే వేయండి."

మర్నాడు చీకట్లో నేను లెక్కపెట్టాను. పద్నాలుగుకల్లా గొంతులన్నీ సద్దుమణిగాయి. ఇక వెలుగు తెస్తాడనుకున్నాను. తేలేదు. ఇరవై రెండో అంకె దగ్గర, మా ఇద్దరికీ రాని ఏదో భాషలో, ఓ పిల్ల గొంతు రెండు మాటలు అంది. అప్పుడు మెల్లగా తెల్లవారింది గుహలో.

"ఇంకొకరున్నారని నీకెలా తెలిసింది మామయ్యా?"

"మాట్లాడబోతూ ఊపిరి పీల్చుకుంది. వినలేదూ?"