కంటి ఫొటోల గదిలో

దెయ్యాలంటే నవ్వేసే రకం నేను. ఇది రాస్తున్నప్పుడు కూడా నా అభిప్రాయం మారలేదు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పడం నాకింత కష్టంగా ఉంది.

మాది గుంటూరు. తొంభైల్లో ఖరగ్‌పూర్ వెళ్లి, ఊరి పక్క హిజ్లీలో ఉన్న ఇంజనీరింగ్ క్యాంపస్‌లో రీసెర్చ్ చేసేవాణ్ణి. షుగర్ వల్ల కంటి లోపలి పొర దెబ్బతింటే ఫొటో చూసి కంప్యూటరే పసిగట్టగలదా అన్నది మా పని. మంచి కళ్లవీ, చెడిన కళ్లవీ ఫొటోలు చూపించి దానికి నేర్పేవాళ్లం. అదింకా నేర్చుకుంటూనే ఉంది. ఏ ఫొటోకైనా ఆఖరి మాట మాతో పనిచేసే కంటి డాక్టరుగారిదే. న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆయన క్యాంపు పెట్టి తీయించిన ఫొటోలు అప్పుడే మా దగ్గరికి వచ్చాయి. ఆ క్యాంపుకి నేను వెళ్లలేదు.

ఒక మధ్యాహ్నం, మంచి కంటి నమూనాగా నా కళ్లే ఫొటో తీయించుకుందామని కనుపాపలు పెద్దవయ్యే చుక్కలు వేయించుకుని కెమెరా గదిలో కూర్చున్నాను. కిటికీలకు నల్ల కాగితాలు అంటించి ఉన్నాయి. మందు పనిచేసేలోగా టీ తాగి వస్తానని తపన్‌దా వెళ్లాడు. కెమెరా పని అతనిదే. కాసేపటికి కరెంటు పోయింది. తడుముకుంటూ వెళ్లి తలుపు లాగాను. రాలేదు. బయట గడియ పడిపోయినట్టుంది.

బాదాను, అరిచాను. ఎవరూ పలకలేదు. చుక్కల వల్ల తలుపు సందులోని సన్నటి వెలుగు కూడా అలుక్కుపోయి కనిపిస్తోంది. గాలి ఆడటం లేదు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. గోడలు మీదకు జరుగుతున్నాయేమోనని చేతులు చాపి చూసుకున్నాను.

అప్పుడు వెనక నుంచి ఓ ఆడగొంతు వినిపించింది.

“అరవకు బాబూ. తియ్యరు. నానెప్పటి నుంచో ఇక్కడే ఉన్నాను.”

ఎవరో పేషెంటు అనుకున్నాను. “ఎవరమ్మా మీరు?”

“సెటిల్‌మెంటు అప్పలనర్సమ్మని. నా ఎడం కన్ను బాగుందంటన్నాది మీ మిషను. బాగోనేదు. మరోపాలి సూడు.”

ఇంతలో గడియ తీసిన చప్పుడైంది. “కీ హోలో దాదా?” అని బెంగాలీలో ఏమైందని అడుగుతూ తపన్‌దా లోపలికొచ్చాడు. వెలుగులో చూస్తే గదిలో కెమెరా, రెండు స్టూళ్లు, నేను. తను వెళ్లేటప్పుడు నేనొక్కణ్ణే ఉన్నానని, ఇప్పుడు ఇంకెవరూ బయటికి పోలేదని తపన్‌దా ఒట్టేసి చెప్పాడు.

సాయంత్రం చుక్కల మందు దిగాక ఫొటోలన్నీ వెతికాను. ఆ పేరుతో నిజంగానే ఒక ఫొటో ఉంది. ఎడమ కంటికి జబ్బు లేదని కంప్యూటర్ చెప్పింది. డాక్టరుగారు వరసలో ఆ ఫొటో దాకా ఇంకా రాలేదు. గొంతు సంగతి ఎత్తకుండా, దీన్ని ముందు చూడండి అన్నాను. ఆయన చాలాసేపు చూశారు.

“లోపల రక్తం ఊరుతోందయ్యా. ఆవిణ్ణి వెంటనే పిలిపించు.”

మర్నాడు పొద్దున్నే సైకిలేసుకుని వాళ్ల క్వార్టరుకి వెళ్లాను. వరండాలో ఒక పెద్దావిడ బియ్యం ఏరుకుంటోంది. “అప్పలనర్సమ్మగారి ఇల్లు ఇదేనా అండీ?” అన్నాను. అంతే. ఆవిడ చేతులు ఆగిపోయాయి.

“తలుపు బాదినోడివి నువ్వే కదా?”

లోపల్నుంచి కోడలు వచ్చింది. “నిన్న మజ్జాన్నం నిద్దర్లో ఒకటే కేకలండి. సీకటి గదిలో పెట్టి గడియేసీసినారని. ఎంత లేపినా లెగనేదు.”

ఆవిడ హిజ్లీ ఎప్పుడూ రాలేదు. నన్నెప్పుడూ చూడలేదు.

కలకత్తాలో లేజర్ చేశారు, చూపు నిలిచింది. ఆవిడ పేరు అంతకుముందు ఫొటో మీద చదివి మరిచిపోయి ఉంటానని నాకు నేను చెప్పుకుంటాను. మరి నా గొంతు ఆవిడకెలా తెలిసింది? ఆ పొద్దున ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఇంకో మాట కూడా అడిగింది.

“తలుపు తీసినాక నువ్వొక్కడివే ఎలిపోనావు. నన్నక్కడే ఒగ్గీసినావేటి బాబూ?”