అంకయ్య నడుం పెట్టె

అంకయ్య సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాడు. తన వైర్‌లెస్ సెట్టు దగ్గర ఒక్క కబురూ తప్పిపోలేదని చెబుతుంటాడు. ఎవరూ అడగకపోయినా చెబుతాడు. రిటైరై జనక్‌పురిలో స్థిరపడ్డాక వినేది భార్య సునంద ఒక్కతే.

మునిర్కాలో గది తీసుకుని పరిశోధన చేస్తున్న నవ్యశ్రీకి ఒంటి మీద సెన్సర్లు పెట్టించుకునే మనిషి కావాలని తెలిసి, తనే ముందుకొచ్చాడు. ఛాతీ మీదిది గుండె వేగం చూస్తుంది. చీలమండ దగ్గరిది నడక చూస్తుంది. రెండూ నడుం బెల్టుకు తగిలించిన చిన్న పెట్టెకు కబురు పంపాలి. ఏదీ తడిసినా పాడవదు. ఒళ్లు అడ్డమొచ్చి కాలి కబురు నేరుగా అందకపోతే, ఛాతీది అందుకుని పెట్టెకు చేరవేస్తుంది.

"కొండవతల పోస్టుకు మేమూ ఇట్లాగే పంపేవాళ్లం," అన్నాడు అంకయ్య.

పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా, వరసగా ఏడు రోజులు తెగకుండా అందాలి. మొదటి మూడు రోజులూ పొద్దున ఏడింటి నుంచి ఎనిమిది దాకా ఖాళీ, ఏ కబురూ అందలేదు.

"అంకుల్, ఏడింటికి సెన్సర్లు తీస్తున్నరా?"

"ముట్టుకోలేదమ్మా."

నిజమే. నవ్యశ్రీ ఛాతీదాన్ని అంగుళం పక్కకు జరిపింది, కాలిదాన్ని బయటివైపుకు తిప్పింది. మర్నాడూ ఏడింటికే తెగింది.

"ఈసారీ తెగితే మనిషిని మార్చమన్నడు మా గైడు."

అంకయ్య కాలిదాన్నీ పెట్టెనూ మార్చి మార్చి చూసుకున్నాడు. కొండలు దాటించిన కబురు సొంత కాలి నుంచి నడుం దాకా రావడంలేదు.

మర్నాడు నవ్యశ్రీ పొద్దున్నే వచ్చి హాల్లో కూర్చుంది. ఏడింటికి అంకయ్య వాకింగ్ నుంచి వచ్చాడు. బెల్టు విప్పి తలుపు పక్క మేకుకు తగిలించాడు. స్నానం చేసి, పంచె కట్టుకుని పూజ గదిలోకి నడిచాడు.

"అంకుల్! పెట్టె!"

"తోలు బెల్టుతో దేవుడి ముందు కూర్చుంటారా ఎవరైనా?"

"ఏం తీయలేదన్నరు గదా!"

"నువ్వడిగింది సెన్సర్ల సంగతి. ఇది బెల్టు."

వంటింట్లోంచి సునంద అందుకుంది. "సిగ్నల్స్‌లో చేశారమ్మా మీ అంకుల్. సెట్టును గోడకు తగిలించి, కబురు రాలేదంటున్నారు."

నవ్యశ్రీ నెత్తి పట్టుకుంది. "అచ్ఛా, ఎన్నడూ తీయనిదేదన్నా ఉన్నదా మీ ఒంటి మీద?"

అంకయ్య ఆలోచనలో పడ్డాడు. సునంద పడలేదు.

"మొలతాడుంది. పెళ్లయినప్పట్నుంచీ అది లేకుండా నేనైతే చూళ్లేదు."

నవ్యశ్రీ గోడ మీది క్యాలెండరును శ్రద్ధగా చూస్తుండగా, సునంద పెట్టెను మొలతాడుకు కట్టింది.

ఏడు రోజులూ తెగలేదు. పెట్టె ఎక్కడ అమర్చారో రాయాల్సిన చోట నవ్యశ్రీ మొలతాడు అనే రాసింది. అది ఏ కంపెనీదని తెలుగు రాని గైడు అడిగాడు.

ఎనిమిదో రోజున పెట్టె తిరిగి ఇస్తూ అంకయ్య చెప్పాడు, తన దగ్గర ఒక్క కబురూ తప్పిపోలేదని.

సునంద మేకు వైపు చూసింది.