గాజుల మీద కట్టిన స్ట్రాప్

మొన్న ఢిల్లీ సాకేత్‌లో మాల్‌కి వెళ్తే, మా అమ్మాయి కొన్న కుర్తీలన్నీ కలిపి బిల్లు కౌంటరు దగ్గర ఒక తొట్టెలో పడేయగానే, ఎవరూ ఒక్కొక్కటీ తీసి చూడకుండానే బిల్లు వచ్చేసింది. "మమ్మీ, చలో నా!" అని అది తొందరపెడుతున్నా వినకుండా, నేను ఒక కుర్తీకి వేలాడే అట్టను లైటు వైపు ఎత్తిపట్టి, లోపలి అల్యూమినియం తీగ చుట్లనూ, వాటి మధ్య ఆవగింజంత కూడా లేని చిప్పునూ వెతుక్కున్నాను. ఒకప్పుడు అవి తయారుచేసినదాన్ని, అలవాటు పోదు మరి.

పెళ్లయి కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో నోయిడాలో ఒక చిన్న కార్ఖానాలో ఈ ట్యాగులే చేసేదాన్ని. పల్చటి ప్లాస్టిక్ పొర మీద అల్యూమినియం రేకు అంటించి, అక్కర్లేని భాగాన్ని మందులో కరిగించేస్తే తీగ చుట్లు మిగిలేవి. వాటి కొసల మీద మిషను చిప్పును పెట్టి జిగురుతో వేడిగా అదిమేది. ఆ తరవాత విడివిడిగా కత్తిరించి, చిప్పును చదివే రీడరు కింద బీప్‌మన్నవాటిని ఆసుపత్రిలో పసిపిల్లల కాళ్లకు కట్టే బ్యాండుల్లో అమర్చడం మా వంతు. బిడ్డను ఎవరైనా వార్డు దాటిస్తే తలుపు దగ్గర గంట మోగాలి, అందుకన్నమాట. ఢిల్లీ చలికాలంలో స్వెట్టర్ విప్పితే ఎలా చిటపటలాడుతుందో మీకు తెలిసిందే. చేతిలోంచి ఆ కరెంటు తగిలితే, ఈరోజు పలికిన చిప్పు రేపు మూగబోవచ్చు. అందుకే ఆ కరెంటు నేలలోకి పోయేలా ఎర్త్ తీగకు కలిపిన స్ట్రాప్‌ను ఒంటికి ఆనేలా మణికట్టుకు కట్టుకుని కూర్చోవాలి.

ఏడో నెలలో ఒక బుధవారం నాకు సీమంతం చేశారు. మా అత్తగారు రెండు చేతుల నిండా గాజులు తొడిగించి, పురుడయ్యేదాకా ఒక్కటి తీసినా ఊరుకోనన్నారు. మర్నాడు మణికట్టు మీద చోటు లేక స్ట్రాప్‌ను గాజుల మీదే బిగించుకుని, శనివారం దాకా అలాగే పని చేశాను. సోమవారం సోమవారం మా సూపర్‌వైజర్ దీదీ అందరి స్ట్రాపులూ మీటరుతో చూసేది. ఆ సోమవారం నా దగ్గర ఎర్రలైటు వెలిగింది, గాజు మీంచి కరెంటు పోదు కదా. "అరే పగ్లీ, చూడియోంకే ఊపర్ థోడీ బాంధ్‌తే హై!" పిచ్చిదానా, గాజుల మీద ఎవరైనా కడతారా అని నవ్వి, గాజులు పైకి జరిపి సరిగ్గా కట్టి వెళ్లిపోయింది. ఆ ఒక్క ఉదయం సంగతే అనుకుంది పాపం. నాకు మాత్రం తెలుసు, అలా కట్టుకుని నేను చేసిన బ్యాండులు నాలుగు పెట్టెలు శనివారమే ఆసుపత్రికి వెళ్లిపోయాయి.

మధ్యాహ్నం దాకా తల వంచుకుని బ్యాండులు అమరుస్తూనే ఉన్నాను. చెబితే ఉద్యోగం పోతుందని భయం, చెప్పకపోతే ఏ తల్లి పక్కలోంచి బిడ్డను ఎవరెత్తుకుపోతారోనని అంతకన్నా భయం. కడుపులో నా బిడ్డ కదిలినప్పుడల్లా ఆ పెట్టెలే గుర్తొచ్చేవి. చివరికి టిఫిన్ డబ్బా మూత తీయకుండానే వెళ్లి అంతా చెప్పేశాను. దీదీ తిట్టలేదు, నన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తరవాత ఫోను అందుకుంది. సాయంత్రానికి మూడు పెట్టెలు వెనక్కి వచ్చాయి, నాలుగోది అప్పటికే విప్పి పిల్లలకు కట్టేశారు. వచ్చినవన్నీ రీడరు కింద చక్కగా బీప్‌మన్నా నమ్మక, ఒక్కొక్కటీ కత్తెరతో తుంచేసింది. పిల్లల కాళ్లకున్నవి మార్చేశారని మర్నాడు కబురు వచ్చింది.

ఇప్పుడు ఆ పని చాలావరకు మనిషి చెయ్యి తగలకుండా మిషన్లే చేస్తాయట, మంచిదే. మా అమ్మాయి ఆఫీసులో ఎవరైనా పొరపాటు చేస్తే స్క్రీన్ మీద ఒక ఫారం నింపుతారట, దాన్ని ఎవరు చదువుతారో వాళ్లకే తెలియదట. అది విన్నప్పటి నుంచి నాకు లోపల గుబులుగానే ఉంది. ఆ సోమవారం ఎదురుగా దీదీ కాక ఫారం ఉండి ఉంటే, నేను నోరు విప్పేదాన్ని కాదేమో.