అభ్యంతరం ఉంది

మా చిన్నాన్న ఫాదరు. ఫాదర్లలో కూడా పాఠాలు చెప్పే ఫాదరు. కుర్రాళ్ళను ఫాదర్లుగా తయారుచేసే కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఒకటే పాఠం చెబుతున్నాడు: పాపం, పశ్చాత్తాపం, పరిహారం. విద్యార్థులు పెట్టిన పేరు సంతకం ఫాదర్. నోట్సులో ప్రతి పేజీ కిందా తేదీ వేసి సంతకం పెడతాడు. బోర్డు మీద రాసినదాని కింద కూడా పెట్టి, ఆ తర్వాతే తుడుస్తాడని చెప్పుకుని నవ్వుకుంటారు. ఎందుకు పెడతాడో వాళ్ళకు తెలీదు, నాకు తెలుసు. ఆయన్ని శాంతమూర్తి అని రాయడం నా వల్ల కాదు. ముప్పై ఏళ్ళు పగబట్టిన మనిషి. ఆయనలో నాకు బాగా నచ్చింది కూడా అదే.

ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు డాక్టరేట్ కోసం మూడొందల పేజీలు చేత్తో రాశాడు. దొంగిలించింది తిరిగివ్వకుండా క్షమాపణ అడిగితే, ఆ క్షమాపణ చెల్లుతుందా? చెల్లదని ఆయన వాదన. ఉన్నది ఒకటే ప్రతి. దాన్ని తీసుకెళ్ళి తన ప్రొఫెసర్ చేతిలో పెట్టాడు. ఆ ప్రొఫెసర్ని అందరూ పెద్ద ఫాదర్ అంటారు. నేనూ అంటాను, గౌరవంతో మాత్రం కాదు. దొంగ చేతికి తాళాలివ్వడమంటే అదే.

పెద్ద ఫాదర్ రెండేళ్ళు దగ్గరుంచుకున్నాడు. అడిగినప్పుడల్లా, ఇంకా పండలేదు నాయనా అనేవాడట. మూడో ఏడు అది పుస్తకమై వచ్చింది, అట్ట మీద పెద్ద ఫాదర్ పేరుతో. పైగా చిన్నాన్నను పిలిచి, నీ విషయం నా పుస్తకానికి మరీ దగ్గరగా ఉంది, ఇంకోటి చూసుకో అన్నాడట. ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! చిన్నాన్న ఇంకో మూడేళ్ళు చర్చి గంటల మీద రాసి డాక్టరేట్ తెచ్చుకున్నాడు. పెద్ద ఫాదర్ కాలేజీకి పెద్దయ్యాడు. చిన్నాన్నకు మెట్ల కింద గది దక్కింది. ప్రమోషన్ మాట వచ్చినప్పుడల్లా, ఆయన గంటల మనిషి కదా అని ఫైలు పక్కన పెట్టేవారు.

అప్పుడే ఎందుకు గొంతెత్తలేదని ఓసారి గట్టిగా నిలదీశాను. చదువు మధ్యలో వదిలేసిన వాణ్ణి, నాకు అడగడానికి మొహమాటం లేదు. రుజువేదిరా అన్నాడు.

రుజువు పోయిన ఏడు దొరికింది. నానమ్మ పోయాక ఆమె కుట్టుమిషను సొరుగులో. నానమ్మ బట్టలు కుట్టేది. పక్కింటావిడ కత్తెర పట్టుకుపోయి తిరిగివ్వకుండా, తప్పయిపోయింది వదినా అంటూ తిరిగేదట. "కత్తెర ఉంచుకుని క్షమించమంటే, కత్తెర నాకే ఉండనీ అని అడిగినట్టేగా" అంది నానమ్మ. చిన్నాన్న ఆ మాటను లాటిన్‌లోకి మార్చి, "పేరు తెలియని ఒక సన్యాసి" అన్నాడని సరదాకి తన రాతప్రతిలో పెట్టుకున్నాడు. తర్వాత తీసేద్దామనుకున్నాడు. తీసేలోపే ప్రతి చెయ్యి దాటింది. పెద్ద ఫాదర్ దాన్ని అలాగే అచ్చేశాడు, పన్నెండో శతాబ్దం అని తనవంతు కలిపి మరీ. ఇప్పుడు దేశదేశాల పండితులు ఆ సన్యాసిని ఉదహరిస్తున్నారు. మా నానమ్మ పన్నెండో శతాబ్దంలో గడ్డం పెంచుకుని కూర్చుంది.

సొరుగులో దొరికింది చిన్నాన్న అప్పట్లో ఆమెకు రాసిన ఉత్తరం. అమ్మా, నీ కత్తెర మాటను ఎవరో సన్యాసి అన్నట్టు నూట పన్నెండో పేజీలో పెట్టాను, ఎవరితో చెప్పకు అని. కవరు మీద పోస్టు ముద్ర, పుస్తకం రావడానికి మూడేళ్ళ ముందుది.

ఇంతలో ఇంకోటి కలిసొచ్చింది. ఇలాంటి పుస్తకం అచ్చుకి వెళ్ళాలంటే బిషప్‌గారు నియమించిన పరీక్షకుడు చదివి, "అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టాలి. పాత పరీక్షకుడు చనిపోతే ఆ పని చిన్నాన్నకు వచ్చింది. ఆయన బల్ల మీదికి వచ్చిన మొట్టమొదటి కట్ట పెద్ద ఫాదర్ పుస్తకమే, తొమ్మిదో ముద్రణ. చిన్నాన్న నాలుగు నెలలు దాన్ని కదపలేదు. బిషప్ ఆఫీసు నుంచి ఫోను వస్తే, చదువుతున్నాను, ఇంకా పండలేదు అనేవాడు.

చివరికి పెద్ద ఫాదరే వచ్చాడు. ఎనభై ఆరేళ్ళు, చేతికర్ర. నేను ఆ గదిలో అలమర తలుపుకి మేకు కొడుతున్నాను. చిన్నాన్న మర్యాదగా కుర్చీ వేసి, ఉత్తరం ముందుకు జరిపాడు. ముసలాయన చదివాడు. మడిచి బల్ల మీద పెట్టాడు. తర్వాత కుర్చీ దిగి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"నాయనా, పాపసంకీర్తనం చెప్పుకుంటాను. వాణ్ణి బయటికి పంపు."

నాకు జాలేసింది, అబద్ధం ఎందుకు. సుత్తి కింద పెట్టాను కూడా. చిన్నాన్న మాత్రం కదల్లేదు. పాపసంకీర్తనంలో విన్న పాపాన్ని ఫాదరు ప్రాణం పోయినా బయట అనకూడదు. ఒక్కసారి విన్నాడంటే ఆ ఉత్తరం ఇక చిన్నాన్న చేతిలో చిత్తుకాగితం. కాటికి కాళ్ళు చాపుకున్నా ముసలాయన బుర్ర చురుగ్గానే ఉంది.

"లేవండి ఫాదర్, కింద చలి. అది తర్వాత వింటాను, ముందు మాట్లాడుకుందాం. తలుపు తీసే ఉంటుంది, వీడూ ఇక్కడే ఉంటాడు."

"నన్ను నమ్మవా?"

"మూడొందల పేజీలు నమ్మాను."

తెల్లకాగితం, పెన్ను పెట్టాడు. ముసలాయన బేరానికి దిగాడు. ముందుమాటలో కృతజ్ఞత చెబుతానన్నాడు. ఇద్దరి పేర్లూ వేద్దామన్నాడు. నేను పోయాక నీ పేరే వేసుకో అన్నాడు. మీరుండగానే అన్నాడు చిన్నాన్న. ముసలాయన ఆ పుస్తకం చిన్నాన్నదేనని నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం నాకిచ్చి బిషప్ ఆఫీసులో ఇచ్చి రమ్మన్నాడు చిన్నాన్న. అప్పుడు, పాపసంకీర్తనం వినేటప్పుడు వేసుకునే ఊదారంగు కండువా మెడలో వేసుకుని తలుపు మూశాడు. లోపల ముసలాయన ఏం చెప్పుకున్నాడో నాకు తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

పుస్తకం రెండు నెలలకు వచ్చింది. అట్ట మీద చిన్నాన్న పేరు ఒక్కటే. మొదటి కాపీ పెద్ద ఫాదర్‌కి ఇచ్చి రమ్మని నన్నే పంపాడు. ఇచ్చి ఊరికే వచ్చెయ్యకురా, అట్ట చూసేటప్పుడు మొహం ఎలా పెట్టాడో చూసి రా అన్నాడు. చూసి వచ్చి చెప్పాను. చిన్నాన్న కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టి, మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడు.